అడుగుజాడ ఎవరిది, చీపురు ఎవరిది?

మారండి అంటున్నారు. భూమి వేడెక్కిపోతోంది, కాబట్టి ప్రతి మనిషీ తన బతుకు తీరు మార్చుకోవాలి అంటున్నారు. మాట మంచిదే. మారకూడదని మేమూ అనడం లేదు. ఈ దేశంలో మార్పు కావాలని అందరికన్నా ముందు అడిగిందీ, ఎక్కువ కాలం అడుగుతున్నదీ మనమే. అయితే ఎవరు ఎవర్ని మారమంటున్నారు, దేన్ని మార్చమంటున్నారు, దేన్ని ముట్టుకోకుండా వదిలేస్తున్నారు అన్నది చూడకుండా తల ఊపడం మన పని కాదు. అందుకే ఈ విషయం మీద వచ్చిన ఒక అధికార పత్రాన్ని తీసుకుని, దాన్ని వాడ వైపు నుంచి చదివి చూశాం.

2021 నవంబరు 1న గ్లాస్గోలో జరిగిన ప్రపంచ వాతావరణ సదస్సులో భారత ప్రధాని 'పర్యావరణం కోసం జీవనశైలి' అనే మాటను ముందుకు తెచ్చారు. ఇంగ్లీషు పేరులోని మొదటి అక్షరాలు కలిపి దాన్ని 'లైఫ్' అంటున్నారు. 2022 అక్టోబరు 20న గుజరాత్‌లోని కెవడియాలో ఐక్యరాజ్య సమితి ప్రధాన కార్యదర్శి సమక్షంలో దాన్ని కార్యక్రమంగా ప్రారంభించారు. మనుషులు రోజువారీగా చెయ్యాల్సిన 75 పనుల జాబితా ఒకటి విడుదల చేశారు. బడుల్లో ప్రతిజ్ఞలు చేయించారు, గోడల మీద రాయించారు. మన పిల్లలు కూడా చెయ్యి చాచి ఆ ప్రతిజ్ఞ చేశారు. కాబట్టి దాన్ని గట్టిగా చదవాల్సిన అవసరం మనకుంది.

జాబితాలో ఏముంది? ఎర్ర దీపం దగ్గర బండి ఇంజను ఆపండి. లిఫ్టు మాని మెట్లెక్కండి. ఏసీ 24 డిగ్రీల దగ్గర పెట్టండి. దగ్గరి దూరాలకు సైకిలు తొక్కండి. బజారుకు గుడ్డ సంచీ పట్టుకెళ్లండి. తడి చెత్త, పొడి చెత్త వేరు చెయ్యండి. చిరుధాన్యాలు తినండి. ఒక్కొక్కటి విడిగా చూస్తే దేనికీ అభ్యంతరం చెప్పలేం. మేము అడిగేది ఒక్కటే: ఈ వాక్యాల్లో కనపడకుండా ఉన్న 'మీరు' ఎవరు?

కారున్నవాడు, లిఫ్టున్న భవనంలో ఉండేవాడు, ఏసీ ఉన్నవాడు. అంటే మార్పు చెయ్యాల్సిన మనిషి అతనే అని పత్రం ఒప్పుకుంటోంది. అంతవరకు నిజాయితీగానే ఉంది. కానీ పత్రం తనను తాను అలా చెప్పుకోదు. అది కోట్లాది భారతీయులందరితో మాట్లాడుతున్నానంటుంది. పల్లెల కోసం కూడా కొన్ని అంశాలున్నాయి: నీళ్లు తక్కువ తాగే పంటలు వెయ్యండి, వరి నుంచి పప్పుధాన్యాలకు మారండి, పేడతో గ్యాసు ప్లాంటు నడపండి. వాటికి భూమి కావాలి, పశువులు కావాలి. దేశ జనాభాలో 2011 లెక్కల ప్రకారం 16.6 శాతం ఉన్న షెడ్యూల్డు కులాల వాళ్ల చేతిలో సాగులో ఉన్న భూమి, 2015-16 వ్యవసాయ గణన ప్రకారం సుమారు 9 శాతం. అదీ చాలావరకు చెలక, చవుడు, చెరువు కింద కాని భూమి. ఏసీ లేదు, కారు లేదు, పొలం లేదు, గొడ్డు లేదు. డెబ్భై అయిదు పనుల్లో కూలికెళ్లే మాదిగ ఆడమనిషి చెయ్యగలిగినవి వెతికితే, ఆమె ఇప్పటికే చేస్తున్నవే దొరుకుతాయి. నడిచి వెళ్తుంది, సంచీ పట్టుకెళ్తుంది, బిందెడు నీళ్లతో ఇల్లంతా గడుపుతుంది. అంటే ఆమె ఎప్పుడో మారిపోయింది! మరి ఆమె బతుకెందుకు మారలేదు?

ఇక్కడ వాతావరణ శాస్త్రం చెప్పేది కూడా చూడాలి. వాతావరణ మార్పుపై ఏర్పడ్డ అంతర్జాతీయ ప్రభుత్వాల సంఘం 2022లో ఇచ్చిన నివేదిక ప్రకారం, ప్రపంచంలో పై 10 శాతం కుటుంబాలు మొత్తం కుటుంబాల వినియోగం వల్ల వచ్చే ఉద్గారాల్లో 34 నుంచి 45 శాతానికి కారణం. అడుగున ఉన్న సగం మంది వాటా 13 నుంచి 15 శాతం. అదే నివేదిక, వినియోగం వైపు నుంచి చేసే మార్పుల వల్ల కొన్ని రంగాల్లో 2050 నాటికి ఉద్గారాలను 40 నుంచి 70 శాతం దాకా తగ్గించవచ్చనీ చెప్పింది. అయితే అది ఒంటరి మనిషి మనస్సాక్షి వల్ల జరుగుతుందని చెప్పలేదు. బస్సులు, రైళ్లు, ఇళ్లు, కరెంటు, విధానాలు మారితే మనుషుల అలవాట్లు మారతాయంది. బస్సు రాని ఊరికి 'బస్సెక్కండి' అని చెప్పడం విధానం కాదు. మన జాబితా రాసినవాళ్లు నివేదికలోంచి అలవాట్లను తీసుకున్నారు, బస్సును వదిలేశారు.

'కార్బన్ అడుగుజాడ' అనే మాట ఎక్కడ్నించి వచ్చిందో కూడా గుర్తుంచుకోవాలి. పర్యావరణ పరిశోధకులు ముందు నుంచి వాడుతున్న అడుగుజాడ అనే భావనను ఇంటింటికీ చేర్చింది 2000 దశకం మధ్యలో బ్రిటిష్ పెట్రోలియం కంపెనీ చేసిన ప్రచారం. భూమిలోంచి చమురు తోడే కంపెనీ, నీ అడుగుజాడ ఎంతో లెక్కేసుకో అని సామాన్యుడికి చెప్పింది. తోడినవాడి లెక్క పోయి, వాడినవాడి లెక్క మిగిలింది.

అడుగుజాడ అనే మాట వినగానే మనకు ఇంకో చరిత్ర గుర్తొస్తుంది. పీష్వాల పాలనలో పూనాలో అంటరానివాడు తన అడుగుజాడలు తనే తుడుచుకుంటూ పోవడానికి నడుముకి చీపురు కట్టుకోవాల్సి వచ్చేదని అంబేద్కర్ 1936లో 'కుల నిర్మూలన'లో రాశాడు. అంటే ఈ దేశంలో అడుగుజాడ లేకుండా బతకమని మనకు చెప్పడం కొత్తేమీ కాదు. అప్పుడు మన అడుగు మైల. ఇప్పుడు అందరి అడుగూ మైలే అంటున్నారు, కానీ చీపురు మాత్రం ఇంకా మన చేతిలోనే ఉంది. ఇది మాటల మీద ఆట కాదు. తడి చెత్త, పొడి చెత్త వేరు చెయ్యమన్న అంశం చూడండి. ఇంట్లో వేరు చేసిన చెత్తను ఎత్తేదెవరు? కుప్ప మీద నిలబడి మళ్లీ ఏరేదెవరు? మురుగు కాలవలోకి దిగేదెవరు? పాకీ పనిని నిషేధిస్తూ 1993లో ఒక చట్టం, 2013లో మరో చట్టం వచ్చాయి. సఫాయి కర్మచారీ ఆందోళన్ వేసిన కేసులో 2014లో సుప్రీంకోర్టు మురుగులో చనిపోయిన వాళ్ల కుటుంబాలకు 10 లక్షలు ఇవ్వాలంది. 2023లో దాన్ని 30 లక్షలు చేసింది. పరిహారం పెరిగిందంటే చావులు ఆగలేదనే కదా అర్థం? చెత్త వేరు చెయ్యడం గురించి ప్రతిజ్ఞ చేయించిన పత్రం, ఆ చెత్త పని కులం నుంచి వేరు కావాలని ఒక్క ముక్క రాయలేదు.

పొదుపు, మళ్లీ వాడుకోవడం, దేన్నీ పారెయ్యకపోవడం మన సంస్కృతిలోనే ఉన్నాయని పెద్దలు గర్వంగా చెప్తుంటారు. నిజమే, ఉన్నాయి. కానీ ఎవరి వంతుగా ఉన్నాయి? దొర ఇంట్లో మిగిలిన అన్నం జీతగాడికి. చిరిగిన పంచె వెట్టివాడికి. చచ్చిన గొడ్డు మాదిగవాడకు. అది చెప్పయ్యేది, డప్పయ్యేది, మోట బొక్కెన అయ్యేది. ఈ దేశంలో వ్యర్థం కాకుండా చూసే పని ఒక కులానికి అప్పజెప్పి, ఆ పని చేసినందుకే ఆ కులాన్ని అంటరానిదన్నారు. 2016 జులైలో గుజరాత్‌లోని ఊనాలో చచ్చిన ఆవు తోలు తీస్తున్న దళిత యువకుల్ని బండికి కట్టి కొట్టారు. తర్వాత అక్కడి దళితులు చచ్చిన గొడ్లను ఎత్తం పొండి అన్నారు. అదీ జీవనశైలి మార్పే. కానీ అలాంటి మార్పుకు ఏ జాబితాలోనూ చోటుండదు.

తిండి దగ్గరికొద్దాం. 2023ను ఐక్యరాజ్య సమితి చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించింది. ఆ ఏడాది బడ్జెట్‌లో వాటికి 'శ్రీ అన్న' అని పేరు పెట్టారు. జొన్న గటక, సజ్జ రొట్టె, కొర్ర బువ్వ తిన్న నోళ్లు మనవి. అవి తిన్నందుకు ఎన్ని మాటలు పడ్డామో మన అమ్మల్ని అడగండి. పండగకో పబ్బానికో తెల్లన్నం దొరికితే అదే గొప్ప. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చినప్పుడు వాడకి అది ఒట్టి తిండి కాదు, గౌరవం. ఇప్పుడు పట్నంలో అందమైన పొట్లాల్లో కొర్రలు అమ్ముతూ, బియ్యం తిని చెడిపోయారని మనకు బుద్ధి చెప్తున్నారు. చిరుధాన్యాలు వానమీద ఆధారపడ్డ నేలకీ, ఒంటికీ మంచివని మేమూ ఒప్పుకుంటాం. కానీ 'శ్రీ' చేరితేగానీ పళ్లెంలోకి రాని ధాన్యాన్ని ఇన్ని తరాలు కాపాడిందెవరో చెప్పకుండా మెచ్చుకుంటే, అది మెచ్చుకోవడం కాదు, కాజెయ్యడం.

ఇంకో మాట జాబితాలో సూటిగా లేకపోయినా దాని చుట్టూ తిరుగుతుంటుంది: మాంసం మానండి, ముఖ్యంగా పెద్ద మాంసం మానండి, భూమికి మంచిది అని. ఇక్కడ మనం నిజాన్ని దాచాల్సిన పని లేదు. ప్రపంచంలో అడవులు నరికి, గొడ్లను వేలకొద్దీ పెంచి చేసే మాంసం వ్యాపారం భూమిని వేడెక్కిస్తోంది. అది శాస్త్రం. కానీ మీథేన్ వాయువు వచ్చేది బతికున్న గొడ్డు పొట్టలోంచి. ప్రపంచంలో పాల ఉత్పత్తిలో మన దేశమే మొదటిది. పాలు, నెయ్యి, పెరుగు కోసం పెంచే ఆవులూ గేదెలూ వదిలే మీథేన్‌కు కులం లేదు. లెక్క వెయ్యాలంటే నెయ్యి నుంచీ మొదలుపెట్టాలి. పాయసం వదలకుండా పక్కవాడి కూర గిన్నె మూత తీసి చూసే పర్యావరణ ప్రేమను 2012లో ఉస్మానియాలో పెద్ద కూర పండగ చేసిన విద్యార్థులు ముందే గుర్తుపట్టారు. వాళ్ల మీద రాళ్లు వేసినవాళ్లు వాతావరణం గురించి వెయ్యలేదు కదా!

ఇక ఎండ. ఇక్కడే అసలు ప్రాణం మీదకొచ్చే విషయం ఉంది. 2015 మే నెల వడగాలుల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో కలిపి పదిహేను వందల మందికి పైగా చనిపోయారని ప్రభుత్వ లెక్కలే చెప్పాయి. ఆ ఏడాది దేశంలో వడదెబ్బ చావుల్లో ఎక్కువ భాగం ఈ రెండు రాష్ట్రాలవే. మనకు అందిన ఆ లెక్కల్లో జిల్లా ఉంది, కులం లేదు. పేపర్లలో మాత్రం కూలీలు, ముసలివాళ్లు, ఇల్లు లేనివాళ్లు అని రాశారు. ఎండాకాలం చెలకలో, ఇటుక బట్టీలో, రోడ్డు పనిలో ఎవరుంటారో రాయకపోయినా మనకు తెలుసు. ప్రతి వేసవిలో ప్రభుత్వం ఇంకో జాబితా ఇస్తుంది: పన్నెండు నుంచి మూడింటి దాకా బయటికి వెళ్లకండి, నీళ్లు ఎక్కువ తాగండి, వదులు బట్టలు వేసుకోండి. 2005 చట్టంతో వచ్చిన ఉపాధి హామీ పనుల్లో తవ్విన మట్టిని కొలిచి కూలి కట్టే పద్ధతి నడిచింది. గట్టి నేల, మండే ఎండ, కొలత తగ్గితే కూలి తగ్గుతుంది. నీడకెళ్లు అని చెప్పినవాడు ఆ మూడు గంటల కూలి ఎవరిస్తారో చెప్పడు. నీడ కూడా ఆస్తిలాంటిదే. ఉన్నవాడికి ఉంది, లేనివాడికి సలహా ఉంది.

ఇంటికొచ్చినా అంతే. చాలా ఊళ్లలో వాడ ఉండేది ఊరి మురుగు పారే పల్లంలో. ఇళ్ల మీద సిమెంటు రేకులు. రాత్రి పదింటికి కూడా రేకు కింద గాలి కాలుతుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో చల్లటి పైకప్పుల విధానం తెచ్చింది. కప్పు మీద సున్నం లాంటి తెల్లటి పూత వేస్తే ఎండ వెనక్కి కొడుతుంది, లోపల వేడి తగ్గుతుంది. మంచి పని. ప్రభుత్వ, వాణిజ్య భవనాలకూ పెద్ద ఇళ్లకూ తప్పనిసరి చేశారు. ప్రభుత్వం కొత్తగా కట్టే పేదల ఇళ్లకూ పెట్టారు. 600 గజాల లోపు సొంత స్థలంలో ఇప్పటికే ఉన్న ఇల్లు మాత్రం యజమాని ఇష్టం. వాడలోని రేకుల ఇల్లు ఆ 'ఇష్టం' కిందికే వస్తుంది. ఎవరి కప్పు ఎక్కువ కాలుతోందో ఆ కప్పుకి డబ్బు లేదు. 2025 ఏప్రిల్‌లో వడదెబ్బను రాష్ట్ర విపత్తుగా గుర్తించి, చనిపోతే నాలుగు లక్షలు ఇస్తామన్నారు. దాన్ని మేము ఆహ్వానిస్తున్నాం. కానీ ఎండకి చచ్చాడని నిరూపించడానికి కాయితాలు కావాలి. పొలం గట్టు మీద పడిపోయినవాడిని సాయంత్రానికే పూడ్చేసే ఇంట్లో ఆ కాయితాలు ఎక్కడివి?

పోనీ, ప్రపంచ సదస్సుల్లో మన పేరు ఎట్లా వాడుతున్నారు? అమెరికా మనిషి సగటు కార్బన్ ఉద్గారం మన దేశ సగటుకు ఆరేడు రెట్లు. చారిత్రకంగా తప్పు వాళ్లది, మొదట తగ్గాల్సింది వాళ్లే అని మన ప్రభుత్వాలు చెప్పేది నిజం. కానీ ఆ సగటు అంత తక్కువగా ఉండడానికి కారణం ఎవరు? కరెంటు బిల్లు కట్టలేక ఫ్యాను ఆపుకునే ఇళ్లు. 2007లో గ్రీన్‌పీస్ ఇండియా ఇచ్చిన ఒక నివేదిక పేరే 'పేదల వెనక దాక్కోవడం'. దేశంలోని సంపన్నుల ఉద్గారాలు పేదల సగటులో మునిగిపోతున్నాయని అది చూపించింది. పేదల్ని బయట అడ్డం పెట్టుకుని, లోపల ఆ పేదలకే పొదుపు నేర్పుతున్నారు.

మరి మనకు వ్యక్తిగత మార్పు మీద నమ్మకం లేదా? ఉంది. మన ఉద్యమం మొదలైందే అక్కడ. 1927 మార్చి 19, 20 తేదీల్లో మహాద్‌లో జరిగింది గుర్తు చేసుకోండి. చచ్చిన గొడ్డు మాంసం మానండి, ఎంగిలి తిండి ముట్టకండి, మిమ్మల్ని మీరు గౌరవించుకోండి అని అంబేద్కర్ అడిగాడు. అది వ్యక్తిగత మార్పు. ఆ వెంటనే వేల మంది నడిచి వెళ్లి చవదార్ చెరువులో నీళ్లు తాగారు. అది సామాజిక మార్పు. రెంటి మధ్య ఒక్కరోజు కూడా ఖాళీ లేదు. అదే ఏడాది డిసెంబరులో అక్కడే ఆడవాళ్లతో మాట్లాడుతూ మంచి బట్ట కట్టుకోండి, శుభ్రంగా ఉండండి అని చెప్పాడు. 'తగ్గించుకోండి' అనలేదు, 'తగ్గకండి' అన్నాడు. మన చరిత్రలో మార్పు అంటే ఇది. 1985 జులైలో కారంచేడు ఊచకోత మొదలైందీ నీళ్ల దగ్గరే. దళితులు తాగే చెరువును మురికి చెయ్యొద్దని మున్నంగి సువార్తమ్మ అడ్డుపడింది. ఆమెకంటే గట్టి పర్యావరణవాది ఈ రాష్ట్రంలో ఎవరు? కానీ పర్యావరణ చరిత్ర రాసేవాళ్లు ఆమెను కుల ఘర్షణల అధ్యాయంలో పెట్టి పుస్తకం మూసేస్తారు.

మన దగ్గరే ఇంకో ఉదాహరణ ఉంది. జహీరాబాద్ ప్రాంతంలో 1980ల నుంచి డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీతో కలిసి పనిచేసిన సంఘాల ఆడవాళ్లలో ఎక్కువమంది దళితులు. బీడు పడ్డ చెలకలను బాగుచేశారు, కౌలుకు భూమి తీసుకుని కలిసి సాగు చేశారు, విత్తనాలు ఇళ్లలో దాచారు, 1990ల్లో తమ ఊళ్లలోనే పండిన జొన్నలతో తమ రేషను తామే నడిపారు. 2008లో తమ సొంత రేడియో పెట్టుకున్నారు. 2019లో ఐక్యరాజ్య సమితి ఈక్వేటర్ బహుమతి వచ్చింది. వానకు తట్టుకునే పంట, అప్పులేని విత్తనం, ఊళ్లో తిండి: ఇవాళ వాతావరణ నిపుణులు అడుగుతున్నవన్నీ అక్కడ ఉన్నాయి. అయితే అవి ప్రతిజ్ఞ చేస్తే రాలేదు. చేతికి భూమి వచ్చాక, సంఘం కట్టుకున్నాక, నిర్ణయం తమదయ్యాక వచ్చాయి. ఆ అనుభవాన్ని మెచ్చుకునేవాళ్లు విత్తనం గురించి రాస్తారు, భూమి గురించి మర్చిపోతారు.

ఇంతవరకు ఎదుటివాళ్ల గురించి మాట్లాడాం. మన గురించి కూడా మాట్లాడుకోవాలి. మాలో కొందరం చదువుకుని, ఉద్యోగాలొచ్చి వాడ వదిలాం. స్లాబు ఇల్లు కట్టుకున్నాం, ఏసీ పెట్టుకున్నాం, కారు కొనుక్కున్నాం. ఇవి మాకు ఒట్టి వస్తువులు కావు. చెప్పులు చేత్తో పట్టుకుని ఊళ్లోంచి నడిచిన తండ్రికి కొడుకు బండి మీద అదే వీధిలో పోవడం ఏమిటో ఎవరూ చెప్పనక్కర్లేదు. మీసం పెంచినందుకు, గుర్రమెక్కి పెళ్లికెళ్లినందుకు ఇప్పటికీ దెబ్బలు తినే దేశంలో వస్తువు వదులుకోమని దళితుడికి చెప్పేముందు పదిసార్లు ఆలోచించాలి. అయినా ఈ జవాబు వెనక మేము కూడా దాక్కోకూడదు. మా ఏసీ వదిలే వేడి గాలి కింది వీధిలో తోపుడు బండి దగ్గర నిలబడ్డ మనవాడి మొహానే తగులుతోంది. పై పది శాతంలోకి మనలో ఎవరైనా చేరితే, ఆ లెక్క మనకీ వర్తిస్తుంది. అవమానం గతమంతా చెప్పినా వాయువు బరువు తగ్గదు. అందుకే మేమూ మారాలి. కానీ ఆ మార్పు దొర మెచ్చుకునే నిరాడంబరత కోసం కాదు. వాడలో ఫ్యాను తిరగాలంటే పైన కొన్ని మెషిన్లు ఆగాలి అనే లెక్క కోసం.

కాబట్టి కార్యకర్తలకు, విద్యార్థులకు, టీచర్లకు మేము చెప్పేది ఇది. బడిలో ఆ ప్రతిజ్ఞ చేయించినప్పుడు, దాని పక్కన మన ప్రశ్నలు కూడా పెట్టండి. మీ ఊళ్లో ఎండకి చనిపోయినవాళ్ల పేర్లు, పని, వాడ రాసి పెట్టండి. సర్కారు లెక్కల్లో లేని గడి మనం నింపితేనే నిండుతుంది. విపరీతమైన ఎండ రోజుల్లో పని గంటలు తగ్గించి పూర్తి కూలి ఇవ్వాలని అడగండి. రేకుల ఇంటి కప్పుకి చల్లటి పూత ప్రభుత్వ ఖర్చుతో వెయ్యాలని అడగండి. వాతావరణ మార్పు దుష్ఫలితాల నుంచి రక్షణ పొందడం రాజ్యాంగ హక్కేనని 2024లో సుప్రీంకోర్టు అన్నది. హక్కు అన్నాక అడుక్కోవడం ఉండదు, అడగడమే ఉంటుంది. అన్నిటికన్నా ముందు భూమిని అడగండి. భూమి లేనివాడికి భూమిని కాపాడమని చెప్పడం ఈ పత్రం చేసిన పెద్ద తప్పు.

మారమంటే మారతాం. మహాద్‌లో మారినట్టు మారతాం. ఇంట్లో ఎంగిలి మాని, అదే రోజు చెరువుకు నడిచినట్టు. డెబ్భై అయిదు పనుల జాబితాలో డెబ్భై ఆరోది రాయడానికి చోటుంటే మేము రాసేది ఒక్కటే: చీపురు చేతులు మారాలి.